అండ్ ముందు కామా ఉందా లేదా?

మినీ ప్రాజెక్ట్ రిపోర్టులు ఒకరివి ఒకరం దిద్దుకునేటప్పుడు ఎప్పటికీ తేలని తగువు ఒకటుంది: 'అండ్' ముందు కామా పెట్టాలా, వద్దా? "చదువుతుంటే ఊపిరి ఆగిన చోట పెట్టెయ్" అని స్కూల్లో చెప్పారు. ఊపిరి ఒక్కొక్కరికి ఒక్కో చోట ఆగుతుంది, అదీ చిక్కు.

అసలు రూలు ఇది. అండ్, బట్, ఆర్, సో లాంటి మాటకి రెండు పక్కలా దేనికదే నిలబడగల వాక్యం ఉంటే, అంటే రెండిటికీ సొంత కర్త, సొంత క్రియ ఉంటే, ఆ మాట ముందు కామా. రెండో పక్క కర్త లేకపోతే మామూలుగా అక్కర్లేదు.

మనకి ఇంకో దగ్గరదారి ఉంది: వాక్యాన్ని తెలుగులో అనుకోవడం. "నేను ల్యాబ్‌కి వెళ్ళి రికార్డు ఇచ్చాను." వెళ్ళి, తిని, రాసి... ఇవే క్త్వార్థకాలు, తెలుగు క్లాసులో చదివి మర్చిపోయినవి. మామూలుగా రెండు పనులూ ఒకరే చేస్తేనే ఈ రూపం కుదురుతుంది. కాబట్టి 'ఐ వెంట్ టు ద ల్యాబ్ అండ్ సబ్మిటెడ్ ద రికార్డ్'లో కామా లేదు. ఇప్పుడు "నేను ల్యాబ్‌కి వెళ్ళి సార్ సంతకం పెట్టారు" అని చూడండి. చెవికే ఎబ్బెట్టుగా ఉంది కదా? "వెళ్ళాను, సార్ సంతకం పెట్టారు" అని విడగొట్టాల్సిందే. ఇంగ్లీషులో కూడా అంతే: 'ఐ వెంట్ టు ద ల్యాబ్, అండ్ సార్ సైన్డ్ ద రికార్డ్'. కామా వచ్చింది.

ఈ చిట్కా అన్నిచోట్లా పారదు. "వాన పడి చెరువు నిండింది" అని హాయిగా అంటాం, కానీ కర్తలు ఇద్దరు, ఇంగ్లీషులో కామా కావాలి. ఒకే మనిషైనా రెండో పక్క 'ఐ' అని మళ్ళీ రాస్తే కామా కూడా వస్తుంది. వాక్యాలు మరీ పొట్టివైతే మానేసినా ఎవరూ తప్పుపట్టరు.

జాబితాలో చివరి 'అండ్', 'ఆర్' ముందు కామా మాత్రం వేరే గొడవ. దాన్నే ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. నేనైతే పెడతాను, ఎందుకంటే అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. ఓవర్‌టైమ్ డబ్బు వర్తించని పనుల జాబితా ఒకటి అక్కడి చట్టంలో ఉండేది. దాని చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉంది, 'ఆర్' ముందు కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పనా, లేక రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడమనే ఒకే పనా? ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు రెండోదే అన్నారు. మేం సరుకు పంపిణీ చేస్తాం, ప్యాకింగ్ చెయ్యం, కాబట్టి మా ఓవర్‌టైమ్ మాకివ్వండి అని కోర్టుకెళ్ళారు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చని ఒప్పుకుని డ్రైవర్ల వైపు తీర్పిచ్చింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీపడింది.

తమాషా ఏంటంటే, ఆ కామా మర్చిపోయి వదిలేసింది కాదు. ఆ రాష్ట్రంలో చట్టాలు రాసేవాళ్ళ మాన్యువల్ దాన్ని పెట్టొద్దనే చెప్పేది. చట్టాన్ని సవరించినప్పుడు పనుల మధ్య కామాలన్నీ తీసేసి సెమికోలన్లు పెట్టారు.