గాయపడితేనే అగరు

ఏ దెబ్బా తగలకుండా ఎదిగిన అగరు చెట్టును కోసి చూస్తే లోపల ఉండేది తెల్లటి, తేలికైన, వాసన లేని కలప. రాజులు కానుకలుగా పంపుకున్నదీ, నేడు గల్ఫ్ బజార్లలో గ్రాముల లెక్కన అమ్ముడవుతున్నదీ ఆ కలప కాదు. చెట్టు గాయపడిన చోట ఊరే నల్లటి జిగురుతో నిండిన చెక్కకే ఆ విలువ.

అక్విలేరియా ప్రజాతికి చెందిన ఈ చెట్లు అస్సాం నుంచి ఇండోనేషియా దాకా, దక్షిణ చైనాలోనూ పెరుగుతాయి. కొమ్మ విరిగినా, పిడుగు పడినా, పురుగు కాండాన్ని దొలిచినా ఆ గాయంలోకి శిలీంధ్రాలు చేరతాయి. అస్సాంలో ఈ దొలిచే పని ఎక్కువగా ఒక జాతి చిమ్మట లార్వాది. శిలీంధ్రాన్ని అడ్డుకోవడానికి చుట్టుపక్కల బతికున్న కణాలు సెస్క్విటెర్పీన్లు, క్రోమోన్లు అనే పదార్థాలను తయారు చేస్తాయి. ఏళ్ల తరబడి అవి పేరుకుంటే చెక్క నల్లబడి బరువెక్కుతుంది. జిగురు బాగా పట్టిన ముక్క నీటిలో మునుగుతుంది. చైనా వర్తకులు నాణ్యతను ఇలాగే తేల్చేవారు.

చల్లగా ఉన్నప్పుడు ఈ చెక్క వాసన అంతంతమాత్రం. వేడి తగిలాకే క్రోమోన్లు విడిపోయి కొత్త సుగంధ అణువులు పుడతాయి. అందుకే అగరుకు ధూపంగా అంత పేరు. అరబ్బులు చెక్క పెచ్చులను నేరుగా నిప్పుల మీద వేసి బట్టలకూ గడ్డానికీ పొగ పట్టిస్తారు. జపాన్‌లోని ‘కోదో’ పద్ధతిలో మాత్రం పొగ రానివ్వరు. బూడిదలో కప్పిన నిప్పు మీద అభ్రకం పలక పెట్టి, దానిపై చిన్న ముక్కను మెల్లగా వెచ్చబెడతారు.

మన దేశంలో అగరుకు చాలా పాత చరిత్ర ఉంది. ఖజానాలో చేర్చవలసిన విలువైన సరుకుల్లో కౌటిల్యుడి అర్థశాస్త్రం అగరును లెక్కించింది. అందులో సముద్రం అవతలి నుంచి వచ్చే రకం కూడా ఉంది. 7వ శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో అగరు తైలంతోపాటు అగరు బెరడుపై రాసిన పుస్తకాలూ ఉన్నాయని బాణుడు హర్షచరిత్రలో చెప్పాడు. బెరడును పుస్తకపు రేకులుగా వాడే సంప్రదాయం అస్సాంలో ఆ తర్వాత కూడా శతాబ్దాలపాటు సాగింది.

595లో అవాజీ దీవి ఒడ్డుకు ఒక పెద్ద దుంగ కొట్టుకువచ్చిందని జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం ‘నిహోన్ షోకి’ చెబుతుంది. దీవివాసులు దాన్ని వంటచెరకులో కలిపి కాలిస్తే పొగ దూరదూరాలకు గుబాళించిందట. వెంటనే దాన్ని తీసుకెళ్లి రాజసభకు సమర్పించారు. నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో నేటికీ ‘రంజతాయ్’ అనే అగరు దుంగ ఉంది. పొడవు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. 1574లో సేనాని ఓదా నొబునాగా, 1877లో మెయిజీ చక్రవర్తి దాని నుంచి చిన్న ముక్కలు కోయించుకున్నారు. ఎవరెవరు ఎక్కడ కోశారో తెలిపే చీటీలు దుంగపై అతికించి ఉన్నాయి.

అడవిలో కొద్ది చెట్లకే జిగురు పడుతుంది. ఏ చెట్టులో ఉందో పైనుంచి చూసి కచ్చితంగా చెప్పడం కష్టం. దాంతో ఒక్క చెట్టులోని సరుకు కోసం ఏమీ లేని చెట్లెన్నో నేలకూలాయి. అక్విలేరియా మలాక్సెన్సిస్ ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం ‘సైటీస్’ ఒప్పందపు నియంత్రణలో ఉంది. 2004లో బ్యాంకాక్ సమావేశం ఈ ప్రజాతి మొత్తానికీ ఆ నియంత్రణను విస్తరించింది. ఇక మనం రోజూ వెలిగించే అగరుబత్తిలో సాధారణంగా అగరు ఉండదు. వెదురు పుల్ల, బొగ్గుపొడి, రంపపుపొట్టు, జిగట పొడి, సెంటు కలిస్తే అగరుబత్తి.

సాగుదారులు ఇప్పుడు గాయాన్ని చెట్టు అదృష్టానికి వదిలేయడం లేదు. కాండానికి రంధ్రాలు చేసి శిలీంధ్రాన్నో రసాయనాన్నో ఎక్కించి జిగురు పుట్టిస్తున్నారు. వియత్నాం రైతులతో కలిసి ఇలాంటి పద్ధతిని రూపొందించిన వారిలో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రాబర్ట్ బ్లాంచెట్ ఒకరు. తోటల్లో కొద్ది ఏళ్లకే కోత కోస్తారు. దశాబ్దాలపాటు అడవిలో పండిన చెక్కకు ఆ సరుకు సాటిరాదని కొనేవారి నమ్మకం. ఆ నమ్మకం ఉన్నన్నాళ్లూ, తోటలు ఎన్ని పెరిగినా అడవి అగరుకు గొడ్డలి బెడద తప్పదు.