కుడివైపు ఆసనపు వెల

తెనాలి వైపు పల్లెలో సేద్యము చేసికొను మా అన్నగారి అబ్బాయి గత వేసవిలో మా యింటికి వచ్చి, చేతిసంచిలోనుండి మడతలు పడిన కాగితమొకటి తీసి నా బల్లపై పరచి, "పిల్లోడికి లైసెన్సు వచ్చేసింది గదా బాబాయ్, మళ్లీ ఈ ఇరవై లక్షలు దేనికి?" అని అడిగినాడు. ఎకరము పొలము అమ్మి, మిగిలినది బ్యాంకునకు తాకట్టు పెట్టి, కుమారుని వైమానిక విద్యకై అప్పటికే 50 లక్షలకు పైగా వెచ్చించిన మనుష్యుడతడు. ఆ కాగితమున ఎ320 విమానపు టైప్ రేటింగ్ రుసుము, సిమ్యులేటర్ గంటలు, హోటల్ వసతి, పన్ను అన్నియు వరుసగా ముద్రితములై యుండెను. అడుగున చిన్న అక్షరములతో, చెల్లించిన సొమ్ము ఏ పరిస్థితిలోను తిరిగి యీయబడదని యుండెను. ఉద్యోగము అను మాట మాత్రము నేనెంత వెదకినను కానరాలేదు.

లైసెన్సు చేతికి వచ్చినంతనే ప్రయాణికుల విమానమును నడపవచ్చునన్నది మొదటి అపోహ. మన దేశమున పౌరవిమానయాన నియంత్రణ సంస్థయగు డీజీసీఏ యిచ్చు వాణిజ్య పైలట్ లైసెన్సునకు కనీసము 200 గంటల గగనయానము వలయును. అందు అధికభాగము సెస్నా వంటి ఒంటి ఇంజను చిన్న విమానములలో గడచునదే. ఎ320 వంటి జెట్ విమానమును ముట్టుటకు ఆ రకమునకే ప్రత్యేకమైన టైప్ రేటింగ్ అను అర్హతను మరల సంపాదింపవలెను: అనగా కొన్ని వారములు దాని యంత్రవ్యవస్థలను పఠించి, పిమ్మట ఉక్కుకాళ్లపై ఊగులాడు సిమ్యులేటర్ గదిలో ఇంజను ఆగిపోవుట, పొగ అలముకొనుట, చక్రములు దిగకుండుట మొదలగు ఆపదలను ఒకదాని వెంట నొకటిగా ఎదుర్కొని, పరీక్షకుని మెప్పింపవలెను. మూడవ మెట్టు లైన్ ట్రైనింగ్: టిక్కెట్టు కొన్న ప్రయాణికులు వెనుక కూర్చుండగా, శిక్షకుడగు కెప్టెన్ ప్రక్కన, కుడివైపు ఆసనమున నుండి నేర్చుకొనుట. ఈ మూడింటిని కలగలిపి 'చదువు' అను ఒక్క మాటతో చుట్టబెట్టుటవలననే తక్కిన అపోహలు పుట్టుచున్నవి.

వైద్యుడు తన చదువునకు తానే కట్టుకొనుచుండగా పైలట్ ఏల కట్టుకొనరాదని అడుగువారు కలరు. లైసెన్సు వరకు ఈ వాదమును నేను నిరాకరింపను, అది విద్య. కాని హౌస్ సర్జన్ రాత్రింబవళ్లు వార్డులో పనిచేయునపుడు వానికి స్టైపెండ్ ముట్టునే గాని, ఆసుపత్రి తన స్కానింగ్ యంత్రమును నేర్పినందులకు వాని కడ రుసుము గుంజదు. రైల్వేలో అసిస్టెంట్ లోకోపైలట్‌గా ఎంపికయిన యువకునకును శిక్షణాకాలమున స్టైపెండ్ లభించును. హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వైమానికదళ అకాడమీలో క్యాడెట్ తాను కాల్చు ఇంధనమునకు పైసా చెల్లింపడు. ప్రతిగా, షార్ట్ సర్వీసు పైలట్ అయినచో 14 సంవత్సరములు కొలువు చేయును. కొలువునకు కావలసిన నేర్పును యజమాని నేర్పించుట, నేర్చినవాడు ఆ ఋణమును సేవతో తీర్చుట: ధర్మమైన బేరమన నిది. ఇక లైన్ ట్రైనింగ్‌నకు సైతము సొమ్ము కట్టించుకొనుట, పనిచేయు కూలివాని చేతనే కూలి ఇప్పించుకొనుట వంటిది. దీనిని సమర్థించు యుక్తి నాకింతవరకు వినబడలేదు.

లోకమంతట ఇదే ఆచారమనియు, శిక్షణభారమును మోసిన సంస్థ బ్రతుకజాలదనియు చెప్పువారు చరిత్రను మరచుచున్నారు. లుఫ్తాన్సా 1956లో బ్రెమెన్ నగరమున స్వంత వైమానిక పాఠశాలను నెలకొల్పెను. బ్రిటిష్ ప్రభుత్వ విమానసంస్థలు రెండును కలిసి 1960లో హాంబుల్‌నందు కళాశాలను తెరచెను. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ హైదరాబాదులోని తన కేంద్ర శిక్షణాలయముననే పైలట్లను తీర్చిదిద్దెను. అభ్యర్థి సొమ్ముతో టైప్ రేటింగ్ అను పద్ధతి చౌకధర సంస్థలతో పాటు బలిసినదే. 2023లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ క్యాడెట్ల శిక్షణవ్యయమును, ఒక్కొక్కరికి లక్ష పౌండ్ల వరకు, తానే భరించు పథకమును ప్రకటించినది.

సంస్థల భయము నిరాధారమని నేననను. ఎ320 నేర్చినవానిని ఎ320 నడపు మరియొక సంస్థ యెగరేసికొని పోవచ్చును. ఎక్కడనైనను చెల్లు నేర్పునకు పనివాడే వ్యయపడునని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో వివరించినది ఇట్టి సందర్భమునే. కాని దీనికి మందు, ఇన్నేండ్లు కొలువు విడువనని వ్రాసియిచ్చు బాండ్. రైతు పొలము కాదు. బాండ్ న్యాయస్థానమున చెల్లదనుటయు అపోహయే: మూడేండ్లు నిండకుండ కొలువు విడిచిన బ్యాంకు ఉద్యోగి రెండు లక్షలు చెల్లింపవలెనను షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించినది. అంతకు ముందే 2017లో డీజీసీఏ కోపైలట్‌కు ఆరు నెలలు, కమాండర్‌కు సంవత్సరము నోటీసు గడువు విధించియున్నది.

టైప్ రేటింగ్ ఒకసారి వచ్చిన శాశ్వతమైన ఆస్తి యని నమ్ముట తల్లిదండ్రులను నిలువున ముంచు అపోహ. అది పొలమువలె ఉన్నచోట ఉండునది కాదు, పాలవలె నిలువయున్నకొలది చెడునది. 90 దినములలో మూడు మార్లు విమానమును లేపి దింపనివాడు ప్రయాణికులను తీసికొనిపోరాదు. కొలువులేక కాలము గడచినకొలది మరల సిమ్యులేటర్, మరల పరీక్ష, మరల రుసుము. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో రెక్కలు ముడిచినపుడు వేల గంటల అనుభవము గలవారే కొలువులకై నిలిచిరి. ఆ రకముపై ఒక్క గంటయు ఎగురని మన పిల్లవాడు వారి వెనుక నిలువవలసినదే.

సొమ్ము కట్టి వచ్చినవాడు చేతగానివాడనుట మాత్రము ఆ పిల్లలకు చేయు అన్యాయము. ఆరు నెలలకొకమారు జరుగు ప్రావీణ్య పరీక్ష, రుసుము ఎవరిదని అడుగదు. నా ఆందోళన వేరు. ఐరోపా పైలట్ల ఉద్యోగస్థితులపై గెంట్ విశ్వవిద్యాలయము 2015లో వెలువరించిన అధ్యయనము, సొమ్ము కట్టి ఎగురుట వంటి పద్ధతులను గూర్చి హెచ్చరించినది. నెలనెల బ్యాంకు వాయిదా నెత్తిపై నున్నవాడు, 'రాత్రి నిద్ర లేదు, నేడు ఎగురజాలను' అని తెల్లవారుజామున ఫోనులో చెప్పగలడా? చెప్పగలిగిన స్థితిలో వానిని ఉంచుట మన ప్రాణములకు అవసరము.

ఆ కాగితముపై పెన్సిలుతో రెండు ప్రశ్నలు వ్రాసి యిచ్చితిని: రేటింగ్ పూర్తియైన ఎన్ని నెలలలోపల ఏ సంస్థ కొలువిచ్చును? ఇయ్యనిచో ఎంత తిరిగి వచ్చును? అతడు దానిని నాలుగు మడతలు పెట్టి, "ఉద్యోగం అన్న మాట రాసిస్తేనే కడతాను బాబాయ్" అని లేచినాడు. శిక్షణ సంస్థనుండి జవాబు రాలేదు. పిల్లవాడు ఒక ఫ్లయింగ్ క్లబ్బున సహాయశిక్షకుడై, చిన్న విమానములపై గంటలు కూడబెట్టుకొనుచున్నాడు; ఇప్పుడు వానికి నెలజీతము వచ్చుచున్నది.