పెట్టె వదిలేసిన స్పీకరు

బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో వీణ చేసేవారు పనస దుంగను తొలిచి కుండ చెక్కుతారు. కుండ, దండి ఒకే మానులోంచి వస్తే అది ఏకాండి వీణ. తీగ సన్నది కాబట్టి ఎంత కంపించినా తనంతట తాను కదిపే గాలి చాలా కొద్ది. ఆ కంపనం గుర్రం మీదుగా పైపలకకు, అక్కణ్ణుంచి కుండలోని గాలికి అందినప్పుడే గది నిండా నాదం పలుకుతుంది. చెక్క చేత పాడించడమే ఆ పనివారి విద్య.

స్పీకరు దగ్గర ఈ ధర్మం చెల్లదు. రికార్డు చేసిన వీణలో ఆ పనస కుండ పలుకు ముందే ఉంది. దాన్ని వినిపించే స్పీకరు పెట్టె కూడా తన చెక్క గొంతు కలిపితే మనం ఒక వీణను రెండు కుండల్లోంచి వింటున్నట్టే. వాద్యానికి పెట్టె ప్రాణం, స్పీకరుకు అదే పెట్టె పరాయి గొంతు. ఈ చిక్కును పెట్టెనే తీసేసి పరిష్కరించిన యంత్రం పేరు ఓపెన్ బాఫిల్ స్పీకరు. నిలబెట్టిన ఒక పలక, పలకలో రంధ్రాలు, రంధ్రాల్లో స్పీకర్లు ఉంటాయి. వెనక అంతా ఖాళీ. చూడ్డానికి ఇంత సులువైన వస్తువు ఇంట్లో చక్కగా పలకడానికి చాలా ఏళ్ళు పట్టింది, ఆ పనిని చివరికి కంప్యూటరు సులువు చేసింది.

పలక మీద పుట్టింది

అయస్కాంతం మధ్య తీగచుట్టను వేలాడదీసి, అందులో కరెంటు పంపి కదిలించే పద్ధతికి 1898లో ఆలివర్ లాడ్జ్ బ్రిటన్‌లో పేటెంటు పొందాడు. ఆ చుట్టకు కాగితపు శంకువు తగిలించి, ఇవాళ్టి స్పీకరుకు మూలరూపం ఇచ్చినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. వారి పరిశోధన పత్రం 1925లో వెలువడింది. మరుసటి ఏడాదే ఆ స్పీకరు రేడియోలా 104 పేరుతో బజారుకు వచ్చింది. శంకువు చుట్టూ పలక లేకపోతే మంద్రస్వరాలు వినిపించవని వారికి మొదటినుంచీ తెలుసు. ఆ పలకకే బాఫిల్ అని పేరు.

ఆ తరువాత మన ఇళ్ళకు వచ్చిన వాల్వు రేడియోలు కూడా ఈ జాతివే. వాల్వుల వేడి బయటికి పోవాలి కాబట్టి వాటి వెనక చిల్లుల అట్ట ఉండేది, అంటే స్పీకరు వెనక భాగం తెరిచే ఉండేది. ఆ రేడియోల్లో పలికిన గొంతుల్లో కొన్నిటికి విజయనగరంతో బంధం ఉంది. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. విజయనగరంలో పుట్టిన సుశీల గొంతును, ఆ కళాశాలలో సానబట్టిన ఘంటసాల గొంతును తెలుగు పల్లెల్లో ఎన్నో ఇళ్ళు విన్నది వెనక తెరిచిన అలాంటి రేడియోల్లోనే. ఆ రేడియోల్లో బేస్ తక్కువే అయినా మనిషి గొంతు సహజంగా ఉండేదని పెద్దలు ఇప్పటికీ అంటారు. అందులో జ్ఞాపకం మీద మమకారం కొంత ఉండవచ్చు, భౌతికశాస్త్రం మాత్రం తప్పకుండా ఉంది.

పెట్టె ఎందుకు వచ్చింది

శంకువు ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. తాటాకు విసనకర్రను చాలా మెల్లగా కదిపితే గాలి మన మొహానికి తగలకుండా అంచుల చుట్టూ వెనక్కి జారిపోతుంది కదా, మంద్రస్వరాలకు జరిగేది అదే. ముందు అల, వెనక అల పలక అంచు దగ్గర కలుసుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కీచుస్వరాలకు ఈ బాధ లేదు. వాటి అలలు పొట్టివి కాబట్టి చుట్టి వచ్చేంత తీరిక దొరకదు.

వెనక అలను పెట్టెలో బంధిస్తే ఈ రద్దు ఉండదు. పెట్టెకు ఒక గొట్టం పెట్టి ఆ వెనక అలనే బేస్‌కు వాడుకునే ఉపాయాన్ని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆల్బర్ట్ థూరాస్ 1930ల తొలినాళ్ళలో కనిపెట్టాడు. 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ రప్పించి చూపించాడు. 1958 నుంచి స్టీరియో రికార్డులు వచ్చాయి, ఇంటికి రెండు స్పీకర్లు కావలసి వచ్చాయి, చిన్న పెట్టె గెలిచింది.

ఆ గెలుపుకు మూల్యం ఉంది. లోపలి ఎత్తు 34.5 సెంటీమీటర్లు ఉన్న పెట్టెను తీసుకుందాం. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. ఆ పెట్టెలో పైకీ కిందికీ తన్నుకుంటూ నిలిచిపోయే మొదటి అల 500 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, సరిగ్గా మనిషి గొంతు మధ్యలో. ఆ అల పలచని కాగితపు శంకువు గుండా బయటికి వస్తుంది. పెట్టె గోడలు కూడా కొంత పలుకుతాయి. దూది కూరి, గోడలు దళసరి చేసి తగ్గించవచ్చు గాని బంధించిన శక్తి ఎక్కడో ఒకచోట తేలాల్సిందే.

ఎనిమిది అంకె ఆకారం

పెట్టె లేని దారిని కొందరు విడిచిపెట్టలేదు. 1957లో బ్రిటన్‌లో పీటర్ వాకర్ క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరును అమ్మకానికి తెచ్చాడు. విద్యుదావేశంతో కదిలే పలుచని పొర అది, దానికి పెట్టె లేదు. మామూలు శంకువు స్పీకర్లతో ఈ దారిని వివరంగా లెక్కగట్టి చూపినవారిలో ముఖ్యుడు జర్మనీలో పుట్టి, అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో కొలత పరికరాల ఇంజనీరుగా పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్. 1935లో పుట్టి 2018లో కన్నుమూశాడు. ఒరియన్, ఎల్ఎక్స్521 అనే అతని పలక స్పీకర్లను ప్రపంచమంతటా ఔత్సాహికులు ఇళ్ళలో చేసుకున్నారు.

రెండు వైపులా పలికే స్పీకరు ధ్వని ఎనిమిది అంకె ఆకారంలో వ్యాపిస్తుంది. ముందూ వెనకా నిండుగా ఉంటుంది, పక్కలకు, పైకి, కిందికి దాదాపు ఏమీ వెళ్ళదు. అన్ని దిక్కులకూ సమంగా పలికే స్పీకరుతో పోలిస్తే, మన చెవికి అంతే ధ్వని అందిస్తూ గదిలోకి విడిచే శక్తి మూడో వంతే. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో ఇప్పుడు కడుతున్న ఇళ్ళకు ఇది పెద్ద మేలు. సిమెంటు గోడ, టైల్స్ నేల, స్లాబు కప్పు ధ్వనిని పీల్చుకోవు. అలాంటి గదిలో మామూలు స్పీకరు పెడితే పాట కంటే గది ఎక్కువగా వినిపిస్తుంది. పలక స్పీకరు పక్క గోడలను, కప్పును తక్కువగా తాకుతుంది కాబట్టి సాహిత్యంలోని అక్షరాలు విడివిడిగా తెలుస్తాయి.

వెనక అల మాత్రం గోడకు తగిలి తిరిగివస్తుంది. గోడకు ఒక మీటరు ఎడంగా పెడితే అది సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, అంతకంటే దగ్గరగా పెడితే అసలు ధ్వనితో కలగలిసి మసకబారుతుంది. కాబట్టి మీటరు స్థలం వదలగలిగినవారికే ఈ స్పీకరు తగినది.

బేస్ లెక్క

50 సెంటీమీటర్ల వెడల్పు పలక మధ్యలో వూఫరు, అంటే మంద్రస్వరాల స్పీకరు, ఉందనుకుందాం. వెనక అల ముందుకు రావడానికి దాదాపు 25 సెంటీమీటర్లు అదనంగా నడవాలి. ఈ దూరం అలపొడవులో ఆరో వంతు అయినచోట రద్దు వల్ల నష్టమూ లాభమూ లేదు. అది 230 హెర్ట్జ్. అక్కణ్ణుంచి కిందికి దిగేకొద్దీ, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ ధ్వని పీడనం సగమవుతుంది. 115 హెర్ట్జ్ దగ్గర సగం, 57 దగ్గర పావు. ఆ పావును మళ్ళీ నిండు చేయాలంటే శంకువు నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి, యాంప్లిఫయర్ పదహారు రెట్ల శక్తి ఇవ్వాలి.

అందుకే ఇక్కడ పెద్ద వూఫర్లు కావాలి. ఒక్కో వైపు 15 అంగుళాలది ఒకటి, వీలైతే రెండు. పలకకు రెండు పక్కలా వెనక్కి రెక్కలు బిగిస్తే నడవాల్సిన దూరం పెరిగి కొంత కలిసొస్తుంది. గుండె అదిరే సినిమా బేస్ ఈ స్పీకరు పని కాదు. మృదంగం తొప్పి మోత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్పష్టంగా చెప్పడం దీని పని.

కంప్యూటరు చేసే పంపకం

మనిషి చెవికి వినిపించేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. అలపొడవులో చెబితే 17 మీటర్ల నుంచి 1.7 సెంటీమీటర్ల వరకు. ఒక్క శంకువు అంతటినీ పలికించలేదు కాబట్టి మంద్రానికి వూఫరు, మధ్యస్వరాలకు మిడ్‌రేంజ్, కీచుకు ట్వీటరు చొప్పున పంచుకుంటాయి. ఎవరి వాటా ఎంతో తేల్చేది క్రాసోవర్. మామూలు స్పీకర్లలో ఇది కాయిళ్ళు, కెపాసిటర్లతో చేసిన బోర్డు. యాంప్లిఫయర్ తరువాత ఉంటుంది, కొంత శక్తిని వేడిగా మింగుతుంది. ఒక విలువ మార్చాలంటే టంకం ఊడదీసి కొత్త భాగం కొనాలి. పైన చెప్పిన బేస్ లోటును అది పూడ్చలేదు కూడా.

1976లో లింక్‌విట్జ్ ఒక పత్రంలో, తన సహోద్యోగి రస్ రైలీ ఆలోచనతో కలిపి, కొత్త రకం పంపకాన్ని వివరించాడు. కలిసే చోట రెండు స్పీకర్లూ చెరి సగం పీడనం ఇస్తాయి, ఒకే దశలో, అంటే కలిసి ముందుకూ వెనక్కీ ఊగుతూ, ఉంటాయి, మొత్తం సమంగా నిలుస్తుంది. లింక్‌విట్జ్-రైలీ పేరుతో అదే నేటికీ ప్రమాణం. అప్పట్లో దాన్ని ఆప్‌యాంప్ అనే చిప్‌లతో కట్టేవారు. ఇప్పుడు అది కొన్ని అంకెలు మాత్రమే.

డిజిటల్ ధ్వని అంటే సెకనుకు 48,000 నమూనాల వరుస. ఒక చిన్న ఫిల్టరుకు నమూనాకు ఐదు గుణకారాలు చాలు. రెండు వైపులకూ కలిపి నలభై ఫిల్టర్లు పెట్టుకున్నా సెకనుకు కోటి గుణకారాలకు లోపే. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటరుకు కూడా ఇది తేలిక పని. దీనికి కామిల్లాడీఎస్పీ, ఈక్వలైజర్ ఏపీఓ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కంప్యూటరు నుంచి ఆరు చానళ్ళు ఇచ్చే సౌండ్‌కార్డు, ఒక్కో స్పీకరుకు ఒక్కో యాంప్లిఫయర్ చానల్ కావాలి. ఒక నమూనా ఆలస్యం అంటే ధ్వని 7 మిల్లీమీటర్లు నడిచేంత సమయం. ట్వీటరు మిడ్‌రేంజ్ కంటే సుమారు 3 సెంటీమీటర్లు ముందుకు ఉంటే దానికి నాలుగు నమూనాల ఆలస్యం ఇస్తే సరి, వడ్రంగిని మళ్ళీ పిలవనక్కర్లేదు.

మన ఊళ్ళో చేసుకునే తీరు

నీటిని తట్టుకునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. కోస్తా తేమకు మామూలు రకం ఉబ్బుతుంది. వూఫర్ల కోసం పెళ్ళిళ్ళకు, జాతరలకు మైక్‌సెట్లు అద్దెకిచ్చేవారిని అడగండి. పెద్ద శంకువులు వారి దగ్గరే దొరుకుతాయి, కాలిన కాయిల్ మళ్ళీ చుట్టించే చోటు కూడా వారికే తెలుసు. ముందు తెరకు నా సలహా పొందూరు ఖద్దరు. చేతితో వడికి, చేతితో నేసిన ఆ పలుచని నేతలోంచి గాలి ధారాళంగా ఆడుతుంది. వెనక గోడకు గోనె పట్టాలు కొన్ని మడతలు వేసి వేలాడదీస్తే కీచుస్వరాల ప్రతిధ్వని తగ్గుతుంది. గోగునారకు, నెల్లిమర్ల జూట్ మిల్లుకు పేరున్న ఈ ప్రాంతంలో గోనె దొరకడం కష్టం కాదు.

ట్వీటరుకు వరుసలో ఒక కెపాసిటర్ తప్పనిసరి. కంప్యూటరు ఆన్ అయ్యేటప్పుడు వచ్చే ఒక్క దెబ్బకు ట్వీటరు కాలిపోగలదు. 8 ఓం ట్వీటరుకు 20 మైక్రోఫారడ్‌లు పెడితే 1000 హెర్ట్జ్ కంటే కిందికి దిగేకొద్దీ ట్వీటరుకు చేరే కరెంటు తగ్గుతూ పోతుంది. ఏ చానల్ ఏ స్పీకరుకు పోతోందో అతి తక్కువ వాల్యూములో సరిచూసుకున్నాకే ట్వీటరు తగిలించాలి.

తరువాతిది కొలత, ఈ విద్యకు గుండెకాయ. మంద్రం నుంచి కీచు దాకా జారే ఒక స్వరాన్ని వినిపించి, మైకుతో పట్టి, స్పీకరు స్వభావాన్ని లెక్కగట్టే పద్ధతిని ఇటలీ శాస్త్రజ్ఞుడు ఆంజెలో ఫరీనా 2000లో వివరించాడు. ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చేసిపెడుతుంది. మైకు, స్పీకరు ఒక మీటరు ఎత్తులో, ఒక మీటరు ఎడంగా ఉంటే నేల నుంచి వచ్చే ప్రతిధ్వని 3.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆలోపు అందినది స్పీకరు సొంత ధ్వని. అంత తక్కువ వ్యవధిలో 280 హెర్ట్జ్ కిందిది తేలదు. దానికి ఆరుబయలు కావాలి. నూర్పులు అయిపోయిన కళ్ళం ఇందుకు చక్కటి ప్రయోగశాల. స్పీకరును, మైకును నేల మీదే పెడితే చుట్టుపక్కల గోడలు లేవు గనక బేస్ నిజస్వరూపం కనిపిస్తుంది.

పంపకం సరిగా కుదిరిందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ట్వీటరు దశను తిరగేసి మళ్ళీ కొలవండి. రెండు స్పీకర్లు కలిసే పౌనఃపున్యం దగ్గర గీత లోతుగా పడిపోతే అవి నిజంగా ఒకే దశలో ఉన్నట్టు. గుంట నిస్సారంగా ఉంటే ఆలస్యం అంకెను సరిచేయాలి. ఈ పరీక్ష నెగ్గాక దశను యథాస్థానానికి తేవడం మరవకండి.

నాకు ఈ యంత్రం మీద ఇంత ఇష్టం ఎందుకంటే ఇది తన శాస్త్రాన్నంతా బయట పెట్టుకుని నిలబడుతుంది. అలపొడవు, దశ, ప్రతిధ్వని పాఠ్యపుస్తకంలో బొమ్మలుగా మిగిలిపోకుండా ఒక పలక, ఒక టేపు, ఒక మైకుతో చేతికి అందుతాయి. అంకె తప్పితే రాత్రికి రాత్రే మార్చి మళ్ళీ వినవచ్చు, చెక్క పాడవదు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే కుర్రవాడికి కొలవడం వస్తుంది, సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకునే అమ్మాయికి గమకం ఎక్కడ చెదిరిందో వినడం వస్తుంది. కొలత చెప్పనిది చెవి చెబుతుంది, చెవి భ్రమపడిన చోట కొలత సరిదిద్దుతుంది. ఈ రెండు విద్యలూ విజయనగరంలో ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఒక జత స్పీకర్లు చేస్తే, ద్వారం వారి పాత రికార్డింగులను ఆ ఊరు తన సొంత యంత్రం మీద వినగలుగుతుంది.