కుక్కపిల్లకు మచ్చికయ్యే వయసు

ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకోగానే చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహా ఒకటే: టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించొద్దు. అందుకు కారణం లేకపోలేదు. 1978లో ప్రపంచమంతా బయటపడ్డ పార్వో వైరస్ లేత పిల్లల్ని నెత్తుటి విరేచనాలతో రోజుల వ్యవధిలోనే చంపేయగలదు. మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. పైగా తల్లి ముర్రుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉన్నన్నాళ్లూ టీకా సరిగా పనిచేయదు. అవి ఎప్పుడు తగ్గుతాయన్నది ఒక్కో పిల్లకు ఒక్కో లెక్క. అందుకే 6-8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా కొద్ది వారాలకోసారి టీకా వేస్తారు.

చిక్కల్లా ఏమిటంటే, కొత్త మనుషుల్నీ కొత్త చప్పుళ్లనీ బెదరకుండా ఒంటపట్టించుకునే వయసు కుక్కకు సుమారు 3వ వారం నుంచి 12-14 వారాల వరకే. టీకాలు పూర్తయ్యేసరికి ఆ వయసు దాటిపోతుంది.

ఈ వయసు సంగతి తేల్చిన ప్రయోగాల్లో పేరున్నది అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ లాబొరేటరీలో జరిగింది. ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే పరిశోధకులు కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లల్ని దడి కట్టిన ఎకరం పొలంలో, మనిషి అలికిడి దాదాపు లేకుండా తల్లుల దగ్గరే పెరగనిచ్చారు. 2, 3, 5, 7, 9 వారాల వయసులో కొన్ని కొన్నిటిని లోపలికి తెచ్చి, ఒక్క వారం మనుషులతో మెలగనిచ్చి, తిరిగి పొలంలో వదిలారు. కొన్నిటిని 14 వారాలదాకా అసలు చేరదీయలేదు. 1961లో సైన్స్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: 14 వారాలదాకా మనిషి పొడ ఎరగని పిల్లలు అడవి జంతువుల్లా దూరం పారిపోయాయి, మెడకు పట్టా వేసి నడిపించబోతే మొండికేశాయి. తగిన వయసులో ఆ ఒక్క వారం దొరికిన పిల్లలకూ వీటికీ అంత తేడా వచ్చింది. ఒక్క వారం చేసిన పని ఇది!

మరి టీకాల మాట? అమెరికాలోని పశుప్రవర్తన వైద్యుల సంఘం 2008లోనే చెప్పింది: మొదటి టీకా, నులిపురుగుల మందు పడి కనీసం వారం గడిస్తే, 7-8 వారాల వయసు నుంచే పిల్లకు లోకం చూపించడం మొదలుపెట్టొచ్చు. మన వీధుల్లో దీనికి తేలికైన దారి, పిల్లను ఎత్తుకుని తిప్పడం. ఊరకుక్కలు తిరిగే చోట కింద దించకండి. చంకలో ఉండగానే చెత్తబండి పాట, బస్సు హారన్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, చేతికర్ర పట్టుకున్న తాతగారు, బడి వదిలాక పిల్లల కేకలు, అన్నీ దానికి పరిచయమవుతాయి. టీకాలు సరిగ్గా వేయించిన నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్తే మరీ మంచిది.

అలాగని బలవంతం పనికిరాదు. మిక్సీనే తీసుకోండి. వంటింట్లో అది తిరుగుతుంటే మీరు పిల్లతో పక్క గదిలో కూర్చుని ఉడికించిన కోడిమాంసం ముక్క అందించండి. తోక ఆడిస్తూ తింటే రేపు రెండడుగులు దగ్గరగా కూర్చోవచ్చు. చెవులు వెనక్కి పడి, తోక కాళ్ల మధ్యకు పోయి, ముక్క ముట్టకపోతే అది భయంలో ఉన్నట్టే. వెంటనే దూరం జరగాలి. ‘అదే అలవాటవుతుందిలే’ అని చప్పుడు పక్కనే కట్టేస్తే భయమే అలవాటవుతుంది. ఇంట్లో తడిపినందుకు ముక్కు నేలకేసి రుద్దడమూ అంతే, మనిషి చేతిని చూస్తే వణకడం నేర్పుతుంది. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే ఒకే చోటికి తీసుకెళ్లి, పని కానిచ్చాక మెచ్చుకుంటే చాలు.

పంటిగాటు ఎంత గట్టిగా పడకూడదో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువులతో పెనుగులాడుతూ. 8 వారాలు నిండని పిల్లల్ని పెంపకందారులు అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నా, నెల పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి అమ్ముతూనే ఉన్నారు. అలాంటి పిల్లను కొనకండి. ఆటలో పిల్ల మీ వేలు కొరికితే ఆట ఆపేసి లేచిపోండి. పాలపళ్లయినా చర్మం చీలితే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ని కలవాలి. ఎందుకంటే పిల్లకు రేబిస్ టీకా సాధారణంగా 3 నెలల వయసులో గానీ పడదు.

వయసు దాటాక ఇంటికొచ్చిన కుక్క కూడా నేర్చుకుంటుంది. పద్ధతి ఇదే, కాకపోతే మరింత దూరం నుంచి మొదలుపెట్టాలి, నెలలు పట్టవచ్చు. బెదురు మరీ ఎక్కువైతే పశువైద్యుడికి చూపించండి, అందుకు మందులున్నాయి.