ఎందాక చదివితిరో యెఱిగిన భాండాగారము

"సార్, కిండిల్‌లో పుస్తకం తీసేస్తే ఇక పోయినట్టేనా, మళ్ళీ డబ్బులు కట్టాలా?" అని తరగతిలో వెనుక బెంచీనుండి ఒక విద్యార్థిని అడిగినప్పుడు, పోదు, తిరిగి దింపుకొనవచ్చునని ఒక్క మాట చెప్పి పాఠములోనికి సాగిపోవచ్చును; కాని ఆ ప్రశ్నను కొంచెము లోతుగా తవ్వినచో, చేతిలోని పలకకును ఎచ్చటనో దూరమందున్న క్లౌడ్ భాండాగారమునకును నడుమ జరుగు సంభాషణలో నాకు మిక్కిలి ప్రియమైన యొక చమత్కారము బయటపడును.

పఠనయంత్రమనగానే మనకు స్ఫురించునది దాని తెర. విద్యుత్ సిరాతో అక్షరములు చూపు ఆ తెరను చదువరుల చేతికి ముందుగా తెచ్చినది సోనీ సంస్థ: 2004లో జపానున వెలువడిన లిబ్రియేయందును, 2006లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన రీడరునందును ఆ తెరయే యుండెను. అయినను పుస్తకము కావలెనన్నచో కంప్యూటరు తెఱచి, తీగ తగిలించి, ఫైలు ఎక్కించుకొనవలసినదే. 2007 నవంబరు 19న వచ్చిన అమెజాన్ వారి కిండిల్ అదే జాతి తెరను ధరించి, తీగ అవసరమును మాత్రము తొలగించినది. స్ప్రింట్ సంస్థ మొబైల్ జాలముతో మాటలాడు పరికరము పలకలోనే అమరియుండుటచే, ఆ జాలము అందుచోట నెల్ల, నెలసరి రుసుము లేకయే పుస్తకము నేరుగా చేతిలోనికి దిగెడిది. యంత్రము చేయువానికిని పుస్తకములమ్మువానికిని జరిగిన యీ పోటీలో రెండవవాడు నెగ్గుట, తెరకన్న వాని దుకాణమందలి ఖాతా చలువయే యని నా తలంపు.

ఆ ఖాతా యెట్టిదో చూతము. మొదటి కిండిల్ లోపలి జ్ఞాపకము 250 మెగాబైట్లు. అందు రమారమి 200 పుస్తకములు పట్టును. కొన్న పుస్తకములు అంతకు మించినచో చదువరి యేమి చేయవలెను? కొన్నింటిని పలకనుండి తీసివేయవలెను. ఇట్లు తీసివేసినప్పుడు పోవునది ప్రతి మాత్రమే. ఫలానా చదువరికి ఫలానా పుస్తకముపై హక్కు కలదను పద్దు దుకాణము వద్ద చెక్కుచెదరక యుండును. అందువలననే తీసివేతలు రెండు విధములు: డౌన్‌లోడును తొలగించుట యొకటి, గ్రంథాలయమునుండియే శాశ్వతముగా చెఱపివేయుట రెండవది, మొదటిదానికి భయపడనక్కఱలేదు, రెండవది చేసి పిమ్మట విచారించిన ప్రయోజనము లేదు. ఇక ఫైలు సంగతి: ఒక నవలను లక్షమంది కొన్నను లక్ష ప్రతులు దాచనక్కఱలేదు. పెద్ద భాండాగారములలో ఫైలును ముక్కలు చేసి, 1960లో రీడ్, సాలమన్ అను గణితజ్ఞులు చెప్పిన పద్ధతిని కొన్ని అదనపు ముక్కలు గణించి, వేర్వేరు డిస్కులలో దాచు ఆచారము కలదు. కొన్ని డిస్కులు చెడినను మిగిలిన ముక్కలనుండి మూలము యథాతథముగా పుట్టును. ఇది గొప్ప విద్యయే కాని, నన్ను ముగ్ధుని చేయునది యిది కాదు. పుస్తకము మాఱదు, మాఱనిదానిని కాపాడుట సులభము. చదువరి ఆగిన చోటు దినదినము మాఱుచుండును.

2009లో రెండవ కిండిల్‌తోపాటు విస్పర్‌సింక్ అను ఏర్పాటు వచ్చినది. ఇంట పలకమీద చదువుచు ఆపిన చోటునుండియే బస్సులో ఫోనుమీద చదువ సాగించుట దాని ఫలము. మొదటి చిక్కు పుటలది: అక్షరము పెద్దది చేసిన పుటలు పెరుగును, చిన్నది చేసిన తగ్గును, గనుక పుట సంఖ్య పనికిరాదు. కిండిల్ ఫైలులోని దూరమును కొలిచి, దానికొక స్థాన సంఖ్య నిచ్చినది. (బైట్ల లెక్కన కొలిచినచో మన తెలుగు పాఠకుడు ఇట్టే దూరము పోవును, యుటిఎఫ్-8 లిపిసంకేతములో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలగా, మన 'కి'కి గుడితో కలిపి 6 బైట్లు పట్టును.)

రెండవ చిక్కు అసలైనది. పలకకు వైఫై అందనప్పుడు దానిమీద 2310 వఱకు చదివితిరి. ఫోనుమీద 1840 వద్ద ఆగితిరి. కొన్నాళ్లకు రెండును తమతమ సంఖ్యలను భాండాగారమునకు విన్నవించినవి. ఏది నమ్మవలెను? కడపట వచ్చినదానిని నమ్ముదమన్నచో, ఆలస్యముగా చేరిన పాతవార్త క్రొత్తదానిని తుడిచివేయును. గడియారము చూచి నిర్ణయింతమన్నచో, రెండు యంత్రముల గడియారములు ఏకీభవించునను హామీ లేదు. దూరదూరమందలి యంత్రముల నడుమ ఏది ముందు, ఏది వెనుక యని చెప్పుట యెంత కష్టమో 1978లోనే లెస్లీ లాంపోర్ట్ ఒక ప్రసిద్ధ వ్యాసమున నిరూపించి యుండెను. ఈ చిక్కుముడిని విప్పిన నియమము పసిపిల్లలకు చెప్పదగినంత సులభము: రెండింటిలో పెద్ద సంఖ్యను ఉంచుకొనుము. అనగా, మిక్కిలి దూరము చదివిన చోటే చదువరి స్థానము.

దీని సొగసు నిదానించి చూడవలెను. 1840 ముందు వచ్చి 2310 పిమ్మట వచ్చినను, తాఱుమాఱుగా వచ్చినను, ఫలము 2310. జాలము తెగి, తన మాట చేరినదో లేదో తెలియక పలక అదే సంఖ్యను పదిమారులు పంపినను ఫలము 2310 యే. దానికి మాఱుగా "నలువది స్థానములు ముందునకు జరిగితిని" అని పంపు పద్ధతి యైనచో, ఆ మాట రెండుమారులు చేరిన మాత్రమున చదువరి చదువని చోట తేలును. వరుసతో పని లేదు, పునరుక్తితో దోషము లేదు, గడియారముతో నిమిత్తము లేదు. ఇట్టి గుణములుగల దత్తాంశ నిర్మాణములకు 2011లో మార్క్ షపీరో, ఆయన సహచరులు ఒక సిద్ధాంతమును కూర్చిరి. అంచున వ్రాసికొను గమనికలను కూడ ఇదే చాయను, సంఖ్యకు బదులు సమితిగా నెంచి, కలిపివేయవచ్చును, చెఱపివేతలే తంటా. కిండిల్‌కు నెల ముందు అమెజాన్ ఇంజనీర్లు డైనమో అను తమ దత్తాంశ భాండాగారమును గూర్చి ప్రకటించిన పత్రములో, కొనుగోలు బుట్టలను ఇట్లు కలిపినప్పుడు వినియోగదారుడు తీసివేసిన వస్తువు తిరిగి తలయెత్తవచ్చునని నిజాయితీగా ఒప్పుకొని యున్నారు.

ఐనను పెద్ద సంఖ్య నియమమునకు ఒక మొండితనము కలదు; అది వెనుకకు రాదు. పుస్తకము ముగించి మరల మొదటినుండి చదువ మొదలిడినవానికి యంత్రము చివరి పుటనే చూపబోవును. భార్యాభర్తలు ఒకే ఖాతాలో ఒకే నవలను చదువుట, ఇద్దఱు ఒకే భారతమును ఒకే నెమలికన్నుతో చదువుటయే. కనుకనే కిండిల్ తానై దూకక, మీరు ఇంత దూరము చదివితిరి, అచ్చటికి పోదమా యని అడుగును. గణితము తేల్చలేనిదానిని మనుష్యునికే వదలిన ఆ ప్రశ్న నాకు నచ్చినది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 2009 జూలైలో, హక్కు లేని ప్రచురణకర్త అమ్మెనని, అమెజాన్ ఆర్వెల్ రచనలైన '1984', 'యానిమల్ ఫామ్' ప్రతులను చదువరుల పలకలనుండి దూరమునుండియే తీసివేసినది. మిచిగన్ విద్యార్థి యొకనికి పుస్తకము పోగా, దానిపై వ్రాసికొన్న గమనికలు మాత్రము ఆధారములేని స్థానములను చూపుచు మిగిలినవి. సంస్థ క్షమాపణ చెప్పి, గమనికలతో సహా పుస్తకమునైనను, 30 డాలర్లనైనను ఇత్తుమన్నది. సోనీ తన అమెరికా పుస్తక దుకాణమును 2014లో మూసి, చదువరులను కోబో యను మఱొక ఈ-పుస్తక దుకాణమునకు అప్పగించినది. కంప్యూటరులోనికి దింపి తీగద్వారా ఎక్కించు వెసులుబాటును 2025 ఫిబ్రవరిలో కిండిల్ తొలగించినది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తక దుకాణమును మూసినప్పుడు, కొన్న పుస్తకములన్నియు తెరనుండి మాయము కాగా, వెలను తిరిగి యిచ్చినది; గమనికలు వ్రాసికొన్నవారికి మాత్రము, ఎన్ని వ్రాసికొన్నను, మఱి 25 డాలర్లు.