తడబడినది అక్షరమా, యంత్రమా?

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు. సంఖ్య మాత్రమే తెలుసు. పూర్వం ఒక్కొక్క ఫాంటు రూపకర్త తెలుగు అక్షరాలకు తనకు తోచిన సంఖ్యలను కేటాయించేవాడు. అందువల్ల ఒక కంప్యూటర్‌లో చక్కగా కూర్చిన తెలుగు వ్యాసం, ఆ ఫాంటు లేని మరొక కంప్యూటర్‌లో అర్థరహితమైన చిహ్నాల వరుసగా కనిపించేది.

ఈ చిక్కును తొలగించడానికి ప్రపంచలిపులన్నింటికీ ఉమ్మడి సంఖ్యాపట్టిక అవసరమైంది. అదే యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి రూపంలోనే తెలుగుకు చోటు లభించింది. ఈ పట్టికలో ‘జ’ సంఖ్య 3100, ‘ఞ’ సంఖ్య 3102, పొల్లు సంఖ్య 3149. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ మొదలైన నిర్వహణ వ్యవస్థలన్నీ ఈ సంఖ్యలను ఒకే విధంగా గ్రహిస్తాయి. కనుక యూనికోడ్‌లో భద్రపరచిన ఫైలును ఎక్కడ తెరచినా చదువుకోవచ్చు.

అయితే సంఖ్యలు ఒకటే అయినా, వాటిని తెరపై అక్షరాలుగా చిత్రించే పని ఏ వ్యవస్థకు ఆ వ్యవస్థ చేసుకుంటుంది. 2018 ఫిబ్రవరిలో ఈ భేదం ప్రస్ఫుటమైంది. ‘జ్ఞా’ అనే అక్షరమున్న సందేశం చేరగానే ఐఫోన్‌లలోని కొన్ని ప్రోగ్రాములు ఉన్నట్టుండి మూతపడ్డాయి. తెలుగు అక్షరం ఫోన్లను స్తంభింపజేస్తున్నదని వార్తలు వచ్చాయి.

ఇటువంటి దోషాన్ని అన్వేషించడానికి ఒక క్రమం ఉన్నది. మొదట అదే సందేశాన్ని వేరొక వ్యవస్థలో తెరచి చూడాలి. అక్కడ సరిగా కనిపిస్తే సందేశం నిర్దోషమని తేలుతుంది. పిదప సందేశాన్ని సగానికి తగ్గిస్తూ, ఏ భాగం వల్ల ప్రోగ్రాము ఆగుతున్నదో గుర్తించాలి. చివరకు మిగిలిన అక్షరంలోని అంశాలను ఒక్కొక్కటిగా తొలగించి పరీక్షించాలి.

అట్లా పరిశీలించినవారికి అసలు సంగతి బోధపడింది. మామూలుగా వ్రాసిన ‘జ్ఞా’ వల్ల ఏ ప్రమాదమూ లేదు. ‘ఞ’కు, దీర్ఘానికి నడుమ, అక్షరాలు కలవరాదని సూచించే 8204 అనే అదృశ్యచిహ్నం చేరినప్పుడే ప్రోగ్రాము ఆగిపోయింది. దేవనాగరి, బెంగాలీ లిపులలోని అటువంటి కొన్ని కూర్పులకూ ఇదే గతి పట్టింది. కాబట్టి దోషం తెలుగుది కాదు. అక్షరాన్ని చిత్రించే విధానానిది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దానిని సవరించింది.

జ్ఞానమనే పదానికి ఆద్యక్షరమే ఈ పాఠం నేర్పడం విశేషం: దోషారోపణకు ముందు దోషాన్వేషణ జరగాలి.