గరాజ్‌లో బిట్‌కాయిన్ యంత్రం: అపోహలు – వాస్తవాలు

వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్ ఊరి మధ్యనుంచి కౌంటీల సరిహద్దు గీత పోతుంది. గీతకు దక్షిణాన కింగ్ కౌంటీ, అక్కడి ఇళ్ళకు కరెంటు ఇచ్చేది ప్యూజెట్ సౌండ్ ఎనర్జీ. ఉత్తరాన స్నోహోమిష్ కౌంటీ, అక్కడ ప్రజా విద్యుత్ సంస్థ అయిన స్నోహోమిష్ పీయూడీ. బిల్లు ఎవరు పంపినా, రెండు వైపులా ఉన్న మన తెలుగువాళ్ళ మధ్య ఒక మాట మాత్రం ఒకేలా తిరుగుతూ ఉంటుంది: ఆంట్‌మైనర్ అనే బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రం పాతది ఒకటి చవగ్గా కొని గరాజ్‌లో పెట్టి, కాస్త ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే చిప్‌ల వేగం పెంచితే, నెలకింత వస్తుందని. నాకు ఈ యంత్రాలంటే ఇష్టం. మూత తీసి చూడాలన్న కుతూహలం ఉన్నవాళ్ళంటే ఇంకా ఇష్టం. ఆ కుతూహలంలో ఎవరూ డబ్బు పోగొట్టుకోకూడదు, అంతకంటే ముఖ్యంగా ఎవరి ఇల్లూ అంటుకోకూడదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: వాషింగ్టన్ రాష్ట్రంలో జలవిద్యుత్తు పుష్కలం, ఇక్కడ మైనింగ్ ఎప్పుడూ లాభమే.

పుష్కలమన్నది నిజమే, కానీ అది కాస్కేడ్ కొండలకు అవతల. కొలంబియా నది మీద రాకీ రీచ్, రాక్ ఐలాండ్ ఆనకట్టలున్న చెలాన్ కౌంటీలో ఇళ్ళకు యూనిట్ మూడు సెంట్ల చుట్టుపక్కల పడుతుంది. ఆ చవక చూసే అక్కడి వెనాచీ ఊరి చుట్టూ మైనర్లు ఎగబడ్డారు. అనుమతి లేకుండా ఇళ్ళల్లో, షెడ్లలో నడిపే యంత్రాల భారం వీధి ట్రాన్స్‌ఫార్మర్ల మీద పడుతోందని అక్కడి పీయూడీ గోలపెట్టింది. 2018 మార్చిలో కొత్త దరఖాస్తులు తీసుకోవడమే ఆపేసింది. పక్కనున్న గ్రాంట్ పీయూడీ అదే ఏడాది ఇలాంటి వాడకానికి వేరే రేటు పెట్టింది. వెనాచీ ప్రాంతంలో పెద్దయెత్తున మొదలైన గిగా వాట్ కంపెనీ 2018 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. చవక కరెంటు దొరికినచోటే కథ ఇలా ఉంది.

బాతెల్‌లో యూనిట్ ధర చెలాన్‌కు మూడు నాలుగు రెట్లు, కొన్ని ఇళ్ళకు అంతకంటే ఎక్కువ. ప్యూజెట్ సౌండ్ ఎనర్జీ వాళ్ళ ఇళ్ళ రేటులో నెలకు మొదటి 600 యూనిట్లకు ఒక ధర, ఆపైన వాడినదానికి ఎక్కువ ధర. మామూలు సంసారానికే ఆ 600 ఖర్చయిపోతుంది. 3 కిలోవాట్ల యంత్రం రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 2,160 యూనిట్లు. అంటే యంత్రం తినేదంతా దాదాపుగా పై మెట్టు ధరకే పడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 2024 ఏప్రిల్‌లో మైనర్ల బహుమతి సగమైన హాల్వింగ్ తర్వాత బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు, రోజుకు సగటున 144 బ్లాకులు, మొత్తం 450. బ్లాకు కోసం యంత్రం చేసే ఒక్కో ప్రయత్నం ఒక హ్యాష్; ప్రపంచంలోని యంత్రాలన్నీ కలిపి 2025లో సెకనుకు 1,000 ఎక్సాహ్యాష్‌ల స్థాయిని తాకాయి. ఆంట్‌మైనర్ ఎస్19 ప్రో 110 టెరాహ్యాష్‌లు చేస్తుంది, అందుకు 3,250 వాట్లు తింటుంది. ఆ స్థాయిలో దాని వాటా రోజుకు సుమారు 4,950 సతోషీలు, అంటే బిట్‌కాయిన్‌లోని అతి చిన్న భాగాలు. బిట్‌కాయిన్ లక్ష డాలర్లు అనుకున్నా అది ఐదు డాలర్లకు తక్కువే. కరెంటు 78 యూనిట్లు. యూనిట్ 12 సెంట్లే అనుకున్నా 9 డాలర్ల 36 సెంట్లు. దానికంటే కొత్తదైన ఎస్21 200 టెరాహ్యాష్‌లు చేస్తుంది, 3,500 వాట్లు తీసుకుంటుంది. అదే లెక్కన రోజుకు 9 డాలర్లు తెచ్చి 10 డాలర్లకు పైగా తినేస్తుంది. ధరలు మారినప్పుడు ఈ అంకెలు మారతాయి. యంత్రం కొనేముందు ఈ లెక్క మీ బిల్లులోని రేటుతో మీరే వేసుకోవాలి, అమ్మేవాడు చెప్పిన రేటుతో కాదు.

అపోహ: ఓవర్‌క్లాక్ చేస్తే అదనంగా వచ్చేది ఊరికే వచ్చినట్టే.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఇది. చిప్ వేగం పెంచితే ఆ వేగంతోపాటే కరెంటూ పెరుగుతుంది, అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కానీ వేగం పెంచినప్పుడు చిప్ తప్పుల్లేకుండా నడవాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. చిప్ తినే వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతాయి. అసలు దెబ్బ అక్కడుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీ 10 శాతం పెంచాల్సి వచ్చిందనుకోండి: 1.2ను 1.21తో గుణిస్తే 1.45. అంటే పని 20 శాతం పెరిగితే కరెంటు 45 శాతం పెరిగింది.

2016లో వచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9 ఇప్పటికీ ఇళ్ళల్లో కనిపించే యంత్రం. దాదాపు 13.5 టెరాహ్యాష్‌లు, 1,300 వాట్లు. పై లెక్క ప్రకారం పెంచితే 16.2 టెరాహ్యాష్‌లకు సుమారు 1,890 వాట్లు. అదే వేగం 20 శాతం, వోల్టేజీ 10 శాతం తగ్గించి చూడండి: 10.8 టెరాహ్యాష్‌లు, సుమారు 840 వాట్లు. పెంచిన యంత్రం ఒక్కో టెరాహ్యాష్‌కు 116 వాట్లకు పైగా తీసుకుంటే, తగ్గించిన యంత్రం 78 వాట్లతో సరిపెట్టుకుంటుంది. చప్పుడు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, ఫ్యాన్లు ఎక్కువకాలం ఉంటాయి. ఇంట్లో పెట్టుకునేవాళ్ళకు ఓవర్‌క్లాకింగ్ కాదు, అండర్‌క్లాకింగే సరైన దారి అని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. ఎస్9లో మూడు బోర్డులు, ఒక్కో బోర్డు మీద 63 చిప్‌లు. కరెంటు ఆ బోర్డులో మూడేసి చిప్‌ల గుంపుల గుండా వరసగా పోతుంది. చిప్‌లన్నీ ఒక్కలా ఉండవు. 62 చిప్‌లు తట్టుకున్న వేగాన్ని 63వది తట్టుకోలేకపోతే చాలాసార్లు బోర్డు మొత్తం పడకేస్తుంది. అందుకే ఒకే అంకె అన్ని చిప్‌ల మీదా రుద్దకుండా, ఒక్కోదాన్ని పరీక్షించి సర్దే ఆటోట్యూనింగ్ ఫర్మ్‌వేర్ మేలు. బ్రెయిన్స్ వాళ్ళది అలాంటిదే. అది కూడా అసలు తయారీదారు సైటునుంచే దించుకోవాలి. 2019లో హాంట్ అనే వైరస్ చైనాలో ఆంట్‌మైనర్లకు సోకింది. డబ్బు ఇవ్వకపోతే ఫ్యాన్లు ఆపి యంత్రాన్ని మాడ్చేస్తానని తెర మీద బెదిరించింది. ఓవర్‌క్లాక్ చేస్తుందని చెప్పి పంచిన ఫర్మ్‌వేర్‌లోనే అది దాగి వచ్చిందని అప్పట్లో అనుమానించారు.

తెర మీద కనిపించే హ్యాష్‌రేటు చూసి సంబరపడటం కూడా తొందరపాటే. వేగం పెంచితే తప్పుడు జవాబులు పెరుగుతాయి, వాటికి మైనర్లందరి పనినీ కలిపి బహుమతి పంచే పూల్ పైసా ఇవ్వదు. పూల్ చూపించే 24 గంటల సగటును నమ్మండి.

అపోహ: బ్రేకర్ పడలేదంటే వైరింగ్ బాగానే ఉన్నట్టు.

దయచేసి ఈ భాగం మాత్రం నిదానంగా చదవండి.

మన ఇళ్ళల్లో మామూలు ప్లగ్గు 120 వోల్టులది, వెనకాల ఉండేది ఎక్కువగా 15 ఆంపియర్ల బ్రేకర్. గుణిస్తే 1,800 వాట్లు. కానీ మూడు గంటలూ ఆపైనా ఆగకుండా నడిచే భారానికి అందులో 80 శాతమే లెక్కలోకి తీసుకోవాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ నియమం. అంటే 12 ఆంపియర్లు, 1,440 వాట్లు. హెయిర్ డ్రయ్యర్ పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మైనర్ నెలల తరబడి ఆగదు. ఓవర్‌క్లాక్ చేసిన ఆ 1,890 వాట్ల ఎస్9 ఈ 15 ఆంపియర్ల లైను మొత్తం సామర్థ్యాన్నే దాటిపోయింది. అయినా బ్రేకర్ వెంటనే పడదు. కాస్త ఎక్కువైన భారాన్ని చాలాసేపు మోసి, తీగలు బాగా వేడెక్కాక కానీ పడదు.

బ్రేకర్‌కు అసలు కనిపించనిది ఇంకొకటి ఉంది: వదులుగా ఉన్న ప్లగ్గు. పాత సాకెట్‌లో రేకులు సాగిపోయి ప్లగ్గు కాళ్ళను సరిగ్గా పట్టుకోకపోతే ఆ స్పర్శ దగ్గర ఒక ఓమ్‌లో పదోవంతు నిరోధం ఏర్పడుతుందనుకోండి. 12 ఆంపియర్లు పోతుంటే అక్కడే 14 వాట్ల వేడి పుడుతుంది, అదీ గోరంత ఇత్తడి ముక్క మీద. బ్రేకర్‌కు కనిపించేది 12 ఆంపియర్లే, దానికి అంతా సవ్యమే. ఇక్కడ మాత్రం ప్లగ్గు కాలు చుట్టూ తెల్ల ప్లాస్టిక్ ముందు పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది, అంచు కొద్దిగా పొంగుతుంది. చేపవాసనలాంటి కాలిన వాసన వస్తుంది. ఆ రంగు కనిపించినా, వాసన వచ్చినా ముందు ప్యానెల్ దగ్గర బ్రేకర్ దించండి. సాకెట్, ప్లగ్గు రెండూ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలు చుట్టి వాడటం, పవర్ స్ట్రిప్‌లో గుచ్చడం కూడా ఇదే ప్రమాదానికి దారి.

15 ఆంపియర్ల బ్రేకర్ తీసి 20ది వేస్తే సరి అని చెప్పేవాళ్ళ మాట అసలు వినకండి. బ్రేకర్ ఉన్నది గోడలోని తీగను కాపాడటానికి. తీగ 14 గేజ్‌దే ఉంచి బ్రేకర్ పెద్దది చేస్తే ఆ కాపలా తీసేసినట్టే. సరైన మార్గం 240 వోల్టుల ప్రత్యేకమైన లైను. 10 గేజ్ రాగి తీగతో 30 ఆంపియర్ల లైను వేయిస్తే ఆగకుండా 5,760 వాట్లు తీసుకోవచ్చు. ఎస్19 తరం యంత్రాల పవర్ సప్లైలు ఎలాగూ 200 వోల్టులకు తక్కువైతే పనిచేయవు. పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే వేయించండి. ఆ ఖర్చు కూడా లాభనష్టాల లెక్కలో కలపండి.

అపోహ: 1,600 వాట్ల పవర్ సప్లై అంటే ఎక్కడ పెట్టినా 1,600 ఇస్తుంది.

ఎస్9తో అమ్మిన ఏపీడబ్ల్యూ3 రకం 220 వోల్టుల దగ్గర 1,600 వాట్లు ఇస్తుంది, 120 వోల్టుల దగ్గర 1,200కే పరిమితం. అందుకే మామూలు ప్లగ్గు మీద ఎస్9ను తగ్గించి నడపడం తప్పనిసరి. ఒకే హ్యాష్‌బోర్డుకు పెట్టే మూడు కనెక్టర్లూ ఒకే పవర్ సప్లైనుంచి రావాలి. రెండిటినుంచి కలిపితే బోర్డు కాలిపోవచ్చు.

అపోహ: నీళ్ళతోనో నూనెలోనో చల్లబరిస్తే వేడి ఉండదు.

గోడలోంచి తీసుకున్న ప్రతి వాటూ చివరికి వేడే అవుతుంది. 3,000 వాట్లంటే గంటకు సుమారు 10,200 బీటీయూలు, రెండు స్పేస్ హీటర్లు పూర్తి స్థాయిలో వెలిగించినట్టు. ఫ్యానైనా, నీళ్ళైనా, యంత్రాన్ని మొత్తంగా ముంచే, కరెంటు పారని డైఎలక్ట్రిక్ ద్రవమైనా ఆ వేడిని చిప్ దగ్గరనుంచి వేరే చోటికి చేరుస్తాయి, అంతే. ముంచినవాళ్ళకు ఫ్యాన్ల గోల తప్పుతుంది, దుమ్ము తప్పుతుంది. కానీ ఆ ద్రవంలోని వేడిని రేడియేటర్‌తో బయటికి పంపకపోతే తొట్టి మొత్తం కాగిపోతుంది. ఏసీ పెట్టి చల్లబరచడం ఇంకా దండగ, ఆ ఏసీ తినే కరెంటు కూడా మైనింగ్ ఖర్చే.

ఇంట్లో పనికొచ్చేది ఒక్కటే సూత్రం: యంత్రం ఊదే వేడిగాలి మళ్ళీ దాని ముక్కులోకి రాకూడదు. వెనకవైపు డక్ట్ బిగించి వేడిని బయటికి పంపాలి, చల్లగాలి వేరే వైపునుంచి రావాలి. 3,000 వాట్లకు, లోపలికి వచ్చే గాలికీ బయటికి పోయే గాలికీ మధ్య 20 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా చాలనుకుంటే, నిమిషానికి సుమారు 475 ఘనపుటడుగుల గాలి కదలాలి. అంత గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి కదా. తలుపులన్నీ మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రమే పెడితే, గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న ఇళ్ళల్లో దాని పొగగొట్టంలోంచే గాలి వెనక్కి లాగబడుతుంది. దాంతోపాటే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగులేదు, వాసనలేదు. గాలి రావడానికి సరిపడా వెంట్ పెట్టండి, అలారం తప్పకుండా పెట్టండి.

మన దగ్గర చల్లగానే ఉంటుందిలే అనుకోవడం కూడా ఎల్లకాలం నడవదు. 2021 జూన్ 28న సియాటిల్‌లో 108 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే 42 సెల్సియస్ నమోదైంది. చాలా ఆంట్‌మైనర్లకు తయారీదారు చెప్పే హద్దు 40 సెల్సియస్. అలాంటి రోజున యంత్రం ఆపేయడమే తెలివి.

అపోహ: చలికాలంలో ఆ వేడి ఉచితం.

ఇది సగం నిజం. మీ ఇంట్లో బేస్‌బోర్డ్ ఎలక్ట్రిక్ హీటర్లే ఉంటే, వాటి బదులు మైనర్ నడిపినా ఒక యూనిట్‌కు అంతే వేడి వస్తుంది, పైపెచ్చు కొన్ని సతోషీలు మిగులుతాయి. ఈ ఒక్క సందర్భంలో ఇంటి మైనింగ్‌కు అర్థముంది. కానీ హీట్ పంప్ ఉన్న ఇంట్లో ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి దొరుకుతుంది. దాన్ని ఆపి మైనర్‌తో వెచ్చబెట్టుకుంటే అదే వెచ్చదనానికి రెట్టింపో మూడింతలో చెల్లిస్తున్నట్టు. ఇక ఆ యంత్రాలు చేసేది 75 డెసిబెళ్ళ మోత. పక్క గదిలో నిద్రపోయేవాళ్ళని కూడా గుర్తుపెట్టుకోండి.

అపోహ: ఇక్కడ పనికిరాకపోతే ఊరికి పంపేద్దాం, అక్కడ 230 వోల్టులే కదా.

వోల్టేజీ మాట నిజమే. కానీ విజయవాడలో మే నెల గాలి యంత్రం హద్దును దాటేసే వేడిది. ఆంధ్రలో, తెలంగాణలో పై శ్లాబు యూనిట్ తొమ్మిది పది రూపాయల దాకా ఉంటుంది, అంటే ఇక్కడి ధరకు పెద్ద తేడా లేదు. నాన్నగారి ఇంటి మీటరుకు ఆ భారం తగిలించకండి.

అపోహ: చిన్న బిటాక్స్ కొంటే ఎప్పటికైనా బ్లాక్ తగులుతుంది.

అరచేతిలో పట్టే ఈ ఓపెన్‌సోర్స్ పరికరం 18 వాట్ల చుట్టుపక్కల తీసుకుని 1.2 టెరాహ్యాష్‌లు చేస్తుంది. ఇలాంటి చిన్నవాటికి బ్లాక్ తగిలిన సందర్భాలున్నాయి. కానీ నెట్‌వర్క్ 1,000 ఎక్సాహ్యాష్‌ల దగ్గరుంటే ఒక్క బిటాక్స్‌కు సగటున 15,000 ఏళ్ళకు పైగా పడుతుంది. డబ్బు కోసమైతే కొనకండి. ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవాలని ఉంటే మాత్రం దీనికి మించినది లేదు. బ్రౌజర్‌లోనే వేగం ఒక మెట్టు, వోల్టేజీ ఒక మెట్టు మార్చి, వాట్లు ఎంత ఎగిరాయో, ఉష్ణోగ్రత ఎక్కడికి చేరిందో అప్పటికప్పుడు చూడవచ్చు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మామూలు ప్లగ్గు చాలు, రోజంతా నడిచినా అర యూనిట్ కాదు.